టాంకులో ఉన్నదొకటి, ముల్లు చూపేదొకటి



మోటారు సైకిలు నడిపేవారి కళ్లెదుట రెండు ముళ్లుంటాయి. ఒకటి వేగం చెబుతుంది, రెండోది టాంకులో పెట్రోలు ఎంత ఉందో చెబుతుంది. వేగం చెప్పే ముల్లు పాడైనా బండి ఇల్లు చేరుతుంది. పెట్రోలు ముల్లు అబద్ధమాడితే మాత్రం బండి ఎక్కడ ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. ఆ ముల్లు ఎలా పనిచేస్తుంది, ఎందుకు తప్పు చూపుతుంది, డబ్బు ఖర్చు పెట్టేముందు మనం ఏమేమి చూసుకోవాలి అన్న విషయాలు ఈనాటి ప్రసంగంలో ముచ్చటించుకుందాం.

ఈ ముల్లు అవసరం సరిహద్దు ప్రాంతాల్లో ఉండే మనకు ఇంకొంచెం ఎక్కువ. పెట్రోలు మీద పన్ను రాష్ట్రానికో రకంగా ఉంటుంది. గీతకు ఇవతల ఒక ధర, అవతల ఒక ధర. యానాం చుట్టుపక్కలవారికైనా, బళ్లారి, హోసూరు ప్రాంతాలవారికైనా ఈ సంగతి కొత్త కాదు. "ఇంకో పది మైళ్లు పోతే అవతల బంకు వస్తుంది, అక్కడ పోయించుకుందాం" అని టాంకు అడుగంటేదాకా బండి తోలే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఇక కొరాపుట్ కొండదారుల్లోనో, సిరొంచ నుంచి ఆలాపల్లి వైపు పోయే అడవి దారిలోనో బంకు అన్నది అడుగడుగునా దొరికేది కాదు. వెనక సీటు మీద నొప్పులు పడుతున్న మనిషో, జ్వరంతో ఉన్న పిల్లవాడో ఉన్నప్పుడు ఆ ముల్లు మాట నిజం కావాలి.

పూర్వం రాజ్‌దూత్, బుల్లెట్ వంటి బళ్లకు పెట్రోలు ముల్లే ఉండేది కాదు. మూత తీసి, బండిని అటూ ఇటూ ఊపి, లోపలి చప్పుడును బట్టి లెక్క కట్టేవారు. అప్పట్లో మనల్ని కాపాడింది టాంకు కింద ఉండే పెట్రోలు కాక్. దానికి మూడు స్థానాలు: ఆన్, ఆఫ్, రిజర్వు. టాంకు లోపల ఈ కాక్‌కు రెండు ఎత్తుల్లో దారులుంటాయి. ఆన్‌లో ఉన్నప్పుడు ఎత్తు మీది దారి నుంచి పెట్రోలు దిగుతుంది. మట్టం దానికన్నా తగ్గగానే ఇంజను కొట్టుకుంటుంది. వెంటనే చెయ్యి కిందికి పెట్టి కాక్‌ను రిజర్వుకు తిప్పితే అడుగు దారి తెరుచుకొని, మిగిలిన లీటరో, లీటరున్నరో అందుతుంది. అంటే ముల్లు లేకపోయినా బండే ముందుగా ఒక మాట చెప్పేది.

2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో భారత్ స్టేజి 6 ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. దాంతో కార్బురేటరు స్థానంలో ఫ్యూయల్ ఇంజెక్షను వచ్చింది. కొత్త బళ్లలో చాలావాటికి రిజర్వు కాక్ లేదు. పెట్రోలును తోడి ఇంజనుకు పంపే చిన్న కరెంటు పంపు టాంకు లోపలే మునిగి ఉంటుంది. ఆ పంపును చల్లబరిచేది కూడా చుట్టూ ఉన్న పెట్రోలే. టాంకు మాటిమాటికీ పూర్తిగా ఎండితే పంపు గాలి పీల్చి వేడెక్కుతుంది, దాని ఆయుష్షు తగ్గుతుంది. కాబట్టి పాత బండిలో ముల్లు ఒక సౌకర్యం మాత్రమే. కొత్త బండిలో మనకున్న ముందస్తు హెచ్చరిక దాదాపు అదొక్కటే.

సరే, ఆ ముల్లుకు పెట్రోలు సంగతి ఎలా తెలుస్తుంది? ముల్లు పెట్రోలును చూడదు, కరెంటును మాత్రమే చూస్తుంది. ఈ ఒక్క ముక్క గుర్తుంటే మిగతాదంతా తేలికే. టాంకు లోపల ఒక సన్నని కమ్మీ చివర తేలే బిళ్ల ఒకటి ఉంటుంది. మెకానిక్కులు దాన్ని ఫ్లోటు అంటారు. పెట్రోలు పెరిగితే ఫ్లోటు పైకి లేస్తుంది, తగ్గితే కిందికి దిగుతుంది. కమ్మీ రెండో కొస ఒక నిరోధపు పట్టీ మీద రాసుకుంటూ జరుగుతుంది. నీళ్ల కుళాయిని తిప్పినకొద్దీ ధార పెరిగి తగ్గినట్టు, ఈ కమ్మీ జరిగినకొద్దీ తీగలో పోయే కరెంటు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఆ కరెంటును బట్టి హ్యాండిలు దగ్గరి మీటరులో ముల్లు జరుగుతుంది. ముల్లుకు బదులు గళ్లు వెలిగే డిజిటల్ మీటర్లలో కూడా, చాలా బళ్లకు, టాంకు లోపలి ఏర్పాటు ఇదే.

అంటే ఇది ఒక గొలుసు. బ్యాటరీ నుంచి ఫ్యూజుకు, తాళంచెవి స్విచ్చికి, అక్కడి నుంచి మీటరుకు, మీటరు నుంచి తీగ ద్వారా టాంకులోని ఫ్లోటు యూనిట్‌కు, అక్కడి నుంచి ఎర్తు తీగ ద్వారా మళ్లీ బ్యాటరీకి. ఇందులో ఏ లంకె తెగినా తప్పు ముల్లు మీదే కనిపిస్తుంది. ముల్లు తప్పు చూపింది కదా అని మీటరు మొత్తం మార్చేస్తే, తలనొప్పికి తలగడ మార్చినట్టే. మీటరు సెట్టు ఖరీదైన వస్తువు. తీరా చూస్తే తప్పు ఒక్కోసారి వదులైన కప్లర్‌లోనే ఉంటుంది.

అసలు తప్పే లేని సందర్భాలు కొన్ని ఉన్నాయి. ముందు వాటిని పక్కన పెడదాం. బండి సైడు స్టాండు మీద ఒరిగి ఉన్నప్పుడు పెట్రోలు ఒక పక్కకు చేరుతుంది, ముల్లు ఎక్కువో తక్కువో చూపుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడూ అంతే. ముల్లును ఎప్పుడైనా సమమైన నేల మీద, బండిని నిటారుగా నిలబెట్టి చూడాలి. రెండోది, టాంకు నిండా పోయించిన తరువాత చాలా దూరం ముల్లు కదలకపోవచ్చు. టాంకు పూర్తిగా నిండకముందే ఫ్లోటు పైకప్పును తాకి ఆగిపోతుంది, అందుకని. మూడోది, సగానికి వచ్చాక ముల్లు గబగబా దిగిందని కొందరు కంగారు పడతారు. టాంకు చతురస్రపు డబ్బా కాదు. అడుగు భాగం మధ్యలో చాసిస్ గొట్టానికి చోటు వదలడం వల్ల పైన వెడల్పు ఎక్కువ, కింద చోటు తక్కువ. అందువల్ల పై సగంలో పట్టినంత పెట్రోలు కింది సగంలో పట్టదు. నాలుగోది, పెట్రోలు పోయించగానే కొన్ని మీటర్లు వెంటనే పైకి లేవవు. గతుకుల్లో ముల్లు ఊగకుండా వాటిని కావాలనే నెమ్మదిగా కదిలేటట్టు చేస్తారు. తాళంచెవి తిప్పి ఒకటి రెండు నిమిషాలు ఆగి చూడాలి.

ఇవేవీ కావు, తప్పు నిజంగానే ఉంది అనుకుందాం. అప్పుడు ముల్లు ఏ రకంగా తప్పు చూపుతోందో రెండు రోజులు గమనించండి. ఎప్పుడూ ఖాళీ అనే చూపుతోందా, ఎప్పుడూ నిండా ఉందనే చూపుతోందా, లేక ఎగిరెగిరి పడుతోందా? ఇండికేటరు వేసినప్పుడు, హారను కొట్టినప్పుడు ముల్లు కూడా దానితో పాటు కదులుతుంటే ఎర్తు తీగ వదులైందనో, బ్యాటరీ బలహీనపడిందనో అనుమానించాలి. వానలో తడిసినప్పుడు, బండి కడిగినప్పుడు మాత్రమే తప్పు చూపుతుంటే కప్లర్‌లోకి నీరు చేరుతోందన్నమాట. ఒక్క చోటికి వచ్చేసరికి మాత్రమే గంతు వేస్తుంటే టాంకులోని నిరోధపు పట్టీ ఆ చోట అరిగిపోయి ఉండాలి. బండి పడి టాంకుకు సొట్ట పడిన నాటి నుంచి తప్పు మొదలైతే, లోపల ఫ్లోటు కమ్మీ ఆ సొట్టకు తగులుకుంటోందేమో చూడాలి.

ఇక పరీక్షకు వద్దాం. పైసా ఖర్చులేనివి ముందు చూడాలి. తాళంచెవి తిప్పి ఇండికేటర్లు, హారను పనిచేస్తున్నాయా చూడండి. చాలా బళ్లలో వీటికీ పెట్రోలు ముల్లుకూ కరెంటు ఒకే దారిన వస్తుంది. అన్నీ ఒక్కసారే ఆగిపోతే ఫ్యూజు కాలిపోయి ఉండవచ్చు. ఫ్యూజు మార్చేటప్పుడు దాని మీద రాసి ఉన్న ఆంపియర్లకు సరిపోయేదే వేయాలి. దాని బదులు రాగి తీగ చుట్టడం ప్రమాదం. ఫ్యూజు బాగుంటే, సీటు కిందనో, టాంకు వెనక అంచు దగ్గరనో ఉండే ఫ్లోటు కప్లర్‌ను వెతకండి. తాళంచెవి ఆపి దాన్ని ఊడదీసి, లోపలి పిన్నులు చూడండి. యానాం వంటి ఉప్పుగాలి తగిలే చోట్ల వాటికి పచ్చటి చిలుము పడుతుంది. మెత్తని బ్రష్షుతో శుభ్రం చేసి, ఆరనిచ్చి, గట్టిగా బిగించండి. తేలేవి కొన్ని ఇక్కడే తేలిపోతాయి.

ఇక్కడా తేలకపోతే, తప్పు టాంకు లోపల ఉందా, బయట ఉందా అన్నది తేల్చుకోవాలి. లేకపోతే అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం అన్నట్టు ఉంటుంది వ్యవహారం. బ్యాటరీ బాగానే ఉందంటారు, మీటరు బాగానే ఉందంటారు, ముల్లు మాత్రం కదలదు. రెండు తీగల ఫ్లోటు యూనిట్, ముల్లు మీటరు ఉన్న పాత తరం బళ్లకు ఒక చిన్న పరీక్ష ఉంది. ఇది టాంకు మూత గట్టిగా వేసి ఉన్నప్పుడు, ఎక్కడా పెట్రోలు చెమ్మ గాని, వాసన గాని లేనప్పుడు మాత్రమే చేయాలి. ఫ్లోటు కప్లర్‌ను ఊడదీసి, తాళంచెవి తిప్పి ముల్లు ఎక్కడుందో చూడండి. అది ఒక కొసకు పోయి నిలబడాలి. తాళంచెవి ఆపండి. ఇప్పుడు మీటరు వైపు కప్లర్‌లోని రెండు పిన్నులనూ చిన్న తీగ ముక్కతో కలిపి, మళ్లీ తాళంచెవి తిప్పండి. ముల్లు రెండో కొసకు పోవాలి. పోయిందో లేదో చూసుకొని రెండు మూడు సెకండ్లలో తాళంచెవి ఆపేయాలి. ఎక్కువసేపు ఉంచితే మీటరులోని చుట్ట వేడెక్కుతుంది.

చాలా మోడళ్లలో తీగ విడదీస్తే ఖాళీ వైపుకు, కలిపితే నిండు వైపుకు పోతుంది. కొన్ని మోడళ్లలో ఇది తలకిందులు. ఎటు పోయిందన్నది ముఖ్యం కాదు. ఈ కొస నుంచి ఆ కొసకు కదిలిందా లేదా అన్నదే ముఖ్యం. కదిలితే మీటరు, తీగలు బాగున్నట్టే, తప్పు టాంకులోని ఫ్లోటు యూనిట్‌లో ఉంది. కదలకపోతే తప్పు టాంకు బయట ఉంది, టాంకు విప్పే పనే లేదు. అప్పుడు మీటరు నుంచి వచ్చే తీగను ఒక్కక్షణం ఇంజను మీది రంగులేని ఇనుముకు తాకించి చూడండి. ఇప్పుడు ముల్లు కదిలితే ఎర్తు తీగ తెగిందన్నమాట. అప్పటికీ కదలకపోతే హ్యాండిలు తిరిగేచోట, టాంకు కింద చాసిస్‌కు రాసుకునే చోట తీగలు నలిగాయేమో చూడాలి. బండిని కొట్టంలో పెట్టేవారు ఎలుకల సంగతి కూడా చూసుకోవాలి. ఇవన్నీ సవ్యంగా ఉంటేనే మీటరును అనుమానించాలి.

ఒక జాగ్రత్త. డిజిటల్ మీటర్లున్న బళ్లకు, ఫ్యూయల్ ఇంజెక్షను బళ్లకు ఈ తీగ కలిపే పరీక్ష చేయవద్దు. వాటి సర్క్యూట్లు సున్నితమైనవి. కొన్ని మోడళ్లలో ఫ్లోటు తీగ తెగితే గళ్లన్నీ కలిసి మిణుకుమిణుకుమంటాయి. దాని అర్థం యజమానికిచ్చే పుస్తకంలో ఉంటుంది. పైగా వాటిలో ఫ్లోటు యూనిట్ తరచు పంపుతో కలిసి ఒకే ముక్కగా వస్తుంది. దాని గొట్టంలో పెట్రోలు ఒత్తిడి మీద ఉంటుంది. ఆ పని తెలిసినవారి చేతికే ఇవ్వాలి.

తప్పు టాంకులోనే ఉందని తేలితే, విప్పేముందు మల్టీమీటరుతో ఒకసారి కొలవడం మేలు. తాళంచెవి ఆపి, కప్లర్ ఊడదీసి, ఫ్లోటు యూనిట్ తీగల మధ్య నిరోధం ఎన్ని ఓములుందో చూడాలి. చాలా బళ్లలో టాంకు నిండినప్పుడు పది ఓముల లోపు, ఖాళీ అయినప్పుడు వంద ఓముల ప్రాంతంలో ఉంటుంది. సరైన అంకె మీ మోడలు సర్వీసు పుస్తకంలో ఉంటుంది. మీటరు అసలేమీ చూపకపోతే లోపల తీగ తెగిందన్నమాట. యూనిట్‌ను బయటికి తీశాక ఫ్లోటును కింది నుంచి పైకి నెమ్మదిగా లేపుతూ చూస్తే అంకె మెట్టుమెట్టుగా మారాలి. మధ్యలో ఎక్కడైనా గంతు వేస్తే ఆ చోట పట్టీ అరిగినట్టు. మురికి అయితే శుభ్రం చేస్తే పోతుంది, అరుగుదల అయితే యూనిట్ మార్చవలసిందే.

ఫ్లోటును చెవి దగ్గర పెట్టుకొని ఊపండి. లోపల గలగలమంటే బీటనుంచి పెట్రోలు లోపలికి చేరిందన్నమాట. అలాంటి ఫ్లోటు మునిగిపోయి, టాంకు నిండా ఉన్నా ఖాళీ అనే చెబుతుంది. గిన్నెడు నీళ్లలో ముంచి నొక్కితే బుడగలు వస్తాయి. దాన్ని జిగురుతో అతికించడం వృథా శ్రమ, చాలా జిగుళ్లు పెట్రోలుకు కరిగిపోతాయి. ఇంకొక సంగతి. పెట్రోలులో ఇథనాలు పాలు దేశంలో 2022 జూన్ నాటికి 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. ఇథనాలుకు గాలిలోని తేమను పీల్చుకునే గుణముంది. నెలల తరబడి కదలని బండిలో తేమ చేరి తుప్పు పడితే ఫ్లోటు కమ్మీ పట్టేస్తుంది. బండి వాడకపోయినా అప్పుడప్పుడు తీసి తిప్పుతుండటం మంచిది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. టాంకులో పెట్రోలు ఎంత ఉందో చూద్దామని చీకట్లో అగ్గిపుల్ల గీసేవారు, లైటరు వెలిగించేవారు ఇప్పటికీ ఉన్నారు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడం అంటే ఇదే. అంటుకునేది పెట్రోలు ఆవిరి. ఆ ఆవిరి గాలికన్నా బరువైనది, నేలను అంటిపెట్టుకొని దూరంగా ఉన్న పొయ్యిదాకా పాకగలదు. కాబట్టి టాంకు విప్పే పని ఇంట్లో గాని, వంటింటి పక్కన గాని చేయవద్దు. ఆరుబయట, ఇంజను చల్లారిన తరువాత, బ్యాటరీ నెగెటివ్ తీగ ముందుగా విప్పి చేయాలి. బీడీ, సిగరెట్టు దగ్గరికి రానివ్వకూడదు. పిల్లల్ని దూరంగా ఉంచాలి. గొట్టం పెట్టి నోటితో పెట్రోలు పీల్చవద్దు, అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. ఫ్లోటు యూనిట్ టాంకు అడుగున ఉంటే పెట్రోలు పూర్తిగా తీశాకే విప్పాలి. తిరిగి బిగించేటప్పుడు రబ్బరు వాషరు కొత్తది వేసి, బోల్టులను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి. పెట్రోలు పోసి, ఎక్కడా చెమ్మ లేదని వేలితో తడిమి చూసుకొన్న తరువాతనే బ్యాటరీ తీగ తగిలించాలి.

ఈ పనులన్నీ మనమే చేసుకోవాలని లేదు. కాని మెకానిక్కు దగ్గరికి వెళ్లినప్పుడు "ముల్లు పనిచేయడం లేదు" అని ఒక్క మాట చెప్పి ఊరుకోవద్దు. మన ఊళ్లలో మెకానిక్కుతో కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో మాట్లాడవలసి రావచ్చు. ఏ భాషలోనైనా మూడు సంగతులు చెప్పండి. ముల్లు ఎక్కడ నిలుస్తోంది, ఎప్పుడు నిలుస్తోంది, కప్లర్ విడదీస్తే కదిలిందా లేదా. ఈ మూడూ విన్న మెకానిక్కు నేరుగా తప్పున్న చోటికే చెయ్యి పెడతాడు. ఏదైనా మారిస్తే పాత సామాను చూపించమని అడగండి. అది మన హక్కే గాని మొహమాటపడవలసిన సంగతి కాదు.

ముల్లు పైకి లేవలేదని బంకువారితో తగవు పడేవారూ ఉన్నారు. కొలత మీద అనుమానమే ఉంటే దానికి వేరే దారి ఉంది. ప్రతి బంకులోనూ తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన 5 లీటర్ల కొలపాత్ర ఉండాలి, అడిగితే దానిలో పోసి చూపాలి. 5 లీటర్లకు 25 మిల్లీలీటర్ల వరకే తేడాకు అనుమతి. తగవుకు ఆ పాత్ర సాక్ష్యం, మన బండి ముల్లు కాదు.

ముల్లు బాగుపడ్డాక ఒక చిన్న పని చేయండి. టాంకు దాదాపు ఖాళీగా ఉన్నప్పుడు బంకుకు పోయి, బండి నిటారుగా నిలబెట్టి, లీటరు చొప్పున పోయించుకుంటూ, ప్రతి లీటరుకూ బండిని పక్కకు తీసుకుపోయి, తాళంచెవి తిప్పి, ముల్లు ఎక్కడుందో ఒక చీటీ మీద రాసుకోండి. బంకులో రద్దీ లేని వేళ చూసుకుంటే సరి. ఆ చీటీ సీటు కింద పెట్టుకుంటే ముల్లు భాష మీకు తెలిసినట్టే.

ముల్లు బాగుపడేదాకా కిలోమీటర్ల లెక్క ఉండనే ఉంది. టాంకు నిండా పోయించి, కిలోమీటర్ల అంకె రాసుకోండి. కొంత తిరిగాక మళ్లీ నిండా పోయించి, తిరిగిన దూరాన్ని పట్టిన లీటర్లతో భాగించండి. ఉదాహరణకు 250 కిలోమీటర్లు తిరిగాక 5 లీటర్లు పట్టిందనుకుందాం. అంటే లీటరుకు 50. మీది 10 లీటర్ల టాంకు అయితే లెక్కకు 500 కిలోమీటర్లు రావాలి. కాని ఇద్దరెక్కితే, ఘాటు ఎక్కితే, ఎదురుగాలి ఉంటే అంత రాదు. కాబట్టి 350 దాటగానే ఎదురైన మొదటి బంకులో ఆగండి. అవతలి రాష్ట్రంలో లీటరుకు నాలుగు రూపాయలు తక్కువ కావచ్చు. అయినా అర్ధరాత్రి ఘాటు రోడ్డు మీద బండి నెట్టడం కన్నా ఇవతలి బంకులో ఒక్క లీటరు పోయించుకోవడమే చవక.